పెట్రోనియమ్మ ఇంటి పెంకులు

రోము రాజ్యం నడిచే రోజుల్లో, టైబర్ ఏటి పక్కన పెంకులు చేసే అన్నదమ్ములు ఇద్దరుండేవారు. పెద్దవాడు పాన్సా, చిన్నవాడు లుర్కో. ఊరి తెలివంతా తాము పెంకులు కాల్చే ఆవంలోనే కాలి గట్టిపడిందని వాళ్ళ నమ్మకం.

"చెప్పింది చెప్పినట్టు చేయడం మనకే వచ్చు తమ్ముడూ. మిగతావాళ్ళు ఆలోచించి పాడుచేస్తారు" అనేవాడు పాన్సా.

ఒకనాడు ఆవం యజమానురాలు పెట్రోనియమ్మ వచ్చింది. "వాన రాకముందే నా కొత్త ఇల్లు కప్పండి. లేదంటే ఆవం ఇంకొకరికి ఇచ్చేస్తాను. ప్రతి పెంకుకూ మట్టి పచ్చిగా ఉండగానే నా పేరు ముద్ర వెయ్యండి. ముద్ర లేనిదేదీ ఈ ఆవరణ దాటడానికి వీల్లేదు" అని చెప్పి వెళ్ళింది.

పెంకులకు ముద్రలు వేశారు, కాల్చారు, బండికెత్తారు. బండి కదలబోతుంటే లుర్కో అడ్డుపడ్డాడు.

"అన్నా, గాడిదకు ముద్ర ఏది?"

"చూశావా, నువ్వు లేకపోతే కొంప మునిగేది."

అంతే, గాడిద డొక్క మీద పచ్చిమట్టి మెత్తి ముద్ర గుద్దారు. బండి చక్రాలకు గుద్దారు. ఒకరి నుదుట ఒకరు గుద్దుకున్నారు. గాడిద ఒళ్ళు విదిల్చింది, మట్టి రాలింది. మళ్ళీ మెత్తారు. మళ్ళీ విదిల్చింది. ఈలోగా మబ్బు పట్టింది.

"పచ్చిది కదా, నిలవదు. కాలిస్తే నిలుస్తుంది. ఆవంలోకి తోలు" అన్నాడు పాన్సా.

ఆవం సెగ మూతికి తగిలింది. ఇంకేముంది, గాడిద బండితో సహా పరుగు లంకించుకుని పెట్రోనియమ్మ ఇంటి ముందు ఆగింది. "ఆగవే, ముద్ర లేకుండా పోతున్నావు" అంటూ వెనకాలే వీళ్ళూ వచ్చిపడ్డారు.

పెట్రోనియమ్మ లోపల సామాను సర్దుకుంటోంది. "త్వరగా కప్పండి. ముద్ర మాత్రం నాకు కనబడాలి" అని అక్కడినుంచే కేకేసింది.

"అమ్మగారున్నది లోపల. ముద్ర ఉన్నది పెంకు పైవైపు. ఎట్లా అన్నా?"

"తిరగెయ్యి. దానికంత ఆలోచనెందుకు?"

అంతే, ప్రతి పెంకునూ బోర్లించారు. నీళ్ళను ఆపే అంచులన్నీ కిందికి తిరిగాయి. ఆఖరి పెంకు పెట్టారో లేదో, వాన. సందుసందునా ధార.

పెట్రోనియమ్మ వంటపాత్ర నెత్తిన బోర్లించుకుని వాకిట్లోకి వచ్చింది. "ఒరే, పక్కింట్లో కూర్చుంటాను. నేను తిరిగొచ్చేసరికి ఏ పెంకు సందునుంచి చుక్క కారినా ఆవం మీది కాదు."

అన్నదమ్ములిద్దరూ ముఖాలు చూసుకున్నారు. వెంటనే పైకెక్కారు.

ఆమె తిరిగొచ్చేసరికి పెంకులన్నీ వాకిట్లో పొందిగ్గా పేర్చి ఉన్నాయి. ఇంటి మీద ఆకాశం ఉంది. నట్టింట మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పాన్సా వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"వెతుక్కోండి అమ్మగారూ. పెంకు సందునుంచి ఒక్క చుక్క కారడంలేదు. ఆవం మళ్ళీ ఎప్పుడు వెలిగించమంటారు?"