కళ్ళు మూసుకుని వాన చెప్పిన పీత

అనగనగా, పీతలకు కూడా మాట వచ్చిన కాలంలో, సముద్రపు ఒడ్డున పైడమ్మ అనే ఆమె ఉప్పు పండించేది. ఎండ కాస్తే ఉప్పు, వాన పడితే ఉత్త నీళ్ళు. అదీ ఆమె బతుకు.

ఆ ఒడ్డున ఒక ఆచారం ఉండేది. వాన సంగతి ముందుగా చెప్పే ప్రాణి ఏదైనా సరే, దానికి వండిన అన్నంలో మొదటి ముద్ద పెట్టాలి. ఆ ముద్ద కోసం ముందుగా కాకి వచ్చింది.

"గడిచిన వానలన్నీ నాకు గుర్తే," అంది కాకి. నిజమే, ఏ వాననాడు మబ్బు ఎటు పట్టింది, గట్టు మీద ఏ కుక్క పడుకుంది, పైడమ్మ ఏ రంగు చీర కట్టింది, అన్నీ దానికి గుర్తే. ఒకనాడు నల్లమబ్బు కమ్ముకొచ్చింది. "భయం లేదు, వాననాడల్లా గట్టు మీద పడుకునే ఎర్ర కుక్క ఇవాళ లేదుగా!" అంది కాకి. సాయంత్రానికి వాన దంచి కొట్టింది. పైడమ్మ ఉప్పు కుప్పల్లో పెద్దది కరిగి సముద్రంలో కలిసింది.

తరువాత కొంగ వచ్చింది. "పడవలు తొందరగా ఒడ్డుకొస్తే వాన ఖాయం. నా మాట తప్పదు," అంది మెడ చాచి. కొన్నాళ్ళు తప్పలేదు కూడా. జాతర నాడు పడవలన్నీ పొద్దెక్కకుండానే వచ్చేశాయి. కొంగ కేకలు పెట్టింది. పైడమ్మ కుప్ప కప్పడానికి తాటాకులు మోస్తూ ఉప్పు మడుల్లో అడ్డంగా పరుగెత్తింది. వాన రాలేదు. జాలర్లు వచ్చింది జాతరకు! ఆ తొక్కిడిలో పండబోయే ఉప్పంతా మట్టిపాలైంది.

ఇక ఒక్క కుప్ప మిగిలింది. దాన్నిచ్చి ఏడాది తిండిగింజలు తెచ్చుకోవాలి. అదీ పోతే పిల్లలకు గంజి కూడా లేదు. పైడమ్మకు ఏడుపొచ్చింది.

అప్పుడు గట్టు మీద కళ్ళు మూసుకుని కూర్చున్న పీత కనిపించింది.

"ఏటే, పగలే నిద్రా?" అంది పైడమ్మ.

"కాదమ్మా. కళ్ళు లేకుండా వాన పసిగట్టగలనా అని చూస్తున్నాను. నిన్న గాలి తగలని బొరియలో కూర్చుని చూశాను. రోజుకో గుర్తు దాచేసి, వాన వస్తుందో రాదో మిగిలినవాటితో చెప్పుకుంటాను."

"తప్పలేదా మరి?"

"చాలాసార్లు తప్పాను. నా బొరియలోనే తప్పాను, నీ కుప్ప మీద కాదు."

కొద్దిరోజులకు పొగమంచు కమ్మింది. ఆకాశమే కనబడలేదు. పడవలు కదలనే లేదు. "ఇలాంటి రోజున వాన పడ్డ గుర్తు లేదు," అంది కాకి. "పడవలేవీ తిరిగి రాలేదు, వాన లేదు," అంది కొంగ.

పీత మాత్రం, "కప్పెయ్యమ్మా," అంది. "మబ్బు కనబడకపోతేనేం? చీమలు గుడ్లు మోస్తున్నాయి, మట్టి చెమ్మగిల్లింది, గాలి దిక్కు మార్చింది. నేను తప్పొచ్చు. తప్పితే నీకు ఒక పూట శ్రమ దండగ. తప్పకపోతే కుప్ప దక్కుతుంది."

తప్పొచ్చు అన్న మాట పైడమ్మ ఇదివరకు ఎవరి నోటా వినలేదు. ఆ మాటకే ఆమెకు నమ్మకం కుదిరింది. ఇరుగుపొరుగు నవ్వుతున్నా తాటాకులు కప్పి, తాళ్ళు బిగించి కట్టింది.

పొద్దు వాలకముందే వాన కురిసింది. ఒడ్డున ఉన్న కుప్పలన్నీ కరిగాయి, పైడమ్మది తప్ప. ఆమె వానలో తడుస్తూనే గట్టు మీద కూలబడి, తనివితీరా ఏడ్చింది.

పిల్లలూ, జరిగినదాన్ని బట్టీ పట్టినవాడికీ, ఒక్క గుర్తునే నమ్ముకున్నవాడికీ రేపటి సంగతి అర్థం కాదు; తన లెక్కను తానే ముందుగా పరీక్షపెట్టి చూసుకున్నవాడి మాటే కష్టకాలంలో నిలుస్తుంది.