గరిటెకొక నేరం

ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. నమ్మనివాళ్ళ మూకుట్లో ఈ జన్మకి పూరీ పొంగదు, అంతే.

గవరమ్మగారు ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి కాదు. సరుగుడు తోట పక్కన ఆవిడ పాక. జ్ఞానం కావాలని వచ్చినవాళ్ళకి ముందు ఉల్లిపాయలిచ్చి తరగమనేవారు. మోక్షం అంటే ఏమిటని అడగబోయిన ఒక రిటైర్డు తాసిల్దారు ఆవిడ దగ్గర పప్పు రుబ్బీ రుబ్బీ మోక్షం మాటే మరిచిపోయాడు. రుబ్బడంలో మాత్రం మూడు జిల్లాల్లో ఆయన్ని మించినవాడు లేకుండా పోయాడు.

ఆ మధ్యాహ్నం శిష్యురాలు నూకరత్నం వచ్చింది. వచ్చింది అంటే చాలదు, సముద్రం మీంచి గాలివాన లేచినట్టు వచ్చింది. ఆమె అడుగులకి పాక మీది తాటాకులు ఎగిరి మళ్ళీ వాటి చోట కూర్చున్నాయి. రోడ్డు మీద పోతున్న బస్సు, స్టాపు లేకపోయినా, భయపడి ఆగింది.

"అమ్మా, కోపాన్ని మింగమంటారా, కక్కమంటారా? ఒక్క మాటలో చెప్పండి. ఇటుకలు దిగాయి. సాయంత్రం మేస్త్రి వస్తాడు. మా గుమ్మానికీ మా తోడికోడలి గుమ్మానికీ మధ్య తాడిచెట్టంత గోడ లేపిస్తాను. ఆ వరహాలమ్మ నీడ నా పాడె మీద కూడా పడడానికి వీల్లేదు!"

ఇద్దరూ ఆ ఇంటికి కోడళ్ళుగా వచ్చిన నాటినించీ వాకిలి ఒకటే, నుయ్యి ఒకటే. పిల్లలు ఏ గుమ్మంలో ఆకలేస్తే ఆ గుమ్మంలో తిని పెరిగారు. గోడంటూ లేస్తే మళ్ళీ పడగొట్టే మనిషి ఆ ఇంట్లో పుట్టడని నూకరత్నానికి తెలుసు. అందుకే, పెద్దవాళ్ళెవరైనా ఒక్కసారి "కట్టు" అంటే ఆ బరువు వాళ్ళ మీద పడేసి పోదామని రెండు వీధులు పరుగెత్తుకొచ్చింది.

గవరమ్మగారు పెరుగు పోసి కలిపిన పిండి ముద్దని ఆమె ముందుకి తోశారు.

"ఇది పిసుకు. నూనెరొట్టెలు వెయ్యాలి."

నూకరత్నం పిసికింది. వరహాలమ్మ గొంతు దొరికినట్టే పిసికింది. పిండి "అమ్మో" అని అరిచిందని అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. గవరమ్మగారు ఉండలు తీసి, అరచేతి మీద మందంగా తట్టి, బూరెలమూకుట్లోకి జార్చారు. ఎర్రగా కాలిన మొదటి రొట్టెని నూకరత్నం ముందు ఆకులో వేసి, గిన్నెలన్నీ దగ్గరికి లాక్కున్నారు. ఉడికించిన శనగలు, ఉల్లిపాయ ముక్కలు, గడ్డపెరుగు, చింతపండు పచ్చడి, బెల్లం పాకం, కారప్పొడి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"ఊఁ. ఏం చేసిందేమిటి మీ అక్క?"

"అక్కా? ఆ మాట అనకండి, నా ఒళ్ళు మండుతుంది! ఏం చెయ్యలేదో అడగండి. నా రోలు పొత్రం తీసుకుపోయి ఇవ్వలేదు."

గవరమ్మగారు రొట్టె మీద ఒక గరిటె శనగలు వేశారు.

"నా పులుసు కాలవ నీళ్ళలా ఉందని వీధి చివరిదాకా వినపడేలా అంది."

ఒక గరిటె పెరుగు పడింది.

"పెళ్ళిలో నా పట్టుచీర చూసి, దుప్పటి బావుందే అంది! మా కోడిపుంజుకి దిష్టి పెట్టింది, అది నేటికీ మధ్యాహ్నం పూట కూస్తోంది. మా ఆయన దగ్గితే, వాళ్ళాయన కావాలని ఇంకా గట్టిగా దగ్గుతాడు. నేర్పింది ఎవరంటారు?"

పచ్చడి పడింది, ఉల్లిపాయలు పడ్డాయి, పాకం పడింది, కారప్పొడి పడింది, మళ్ళీ శనగలు మొదలయ్యాయి. నూకరత్నం చూపు మాత్రం రెండు వీధుల అవతల ఇటుకల మీదే ఉంది. ఆమె రొప్పుతూ ఆగేసరికి ఆకులో సింహాచలం కొండంత గుట్ట లేచింది. పైకెక్కిన చీమ ఒకటి దిగే దారి తెలియక అక్కడే కాపురం పెట్టే ఆలోచనలో పడింది.

"తిను," అన్నారు గవరమ్మగారు.

"ఇదేమిటమ్మా! రొట్టె ఏదీ?"

"నాకేం తెలుసు? నువ్వు చెప్పిన ప్రతి నేరానికీ ఒక గరిటె వేశాను. అడుగునేముందో నువ్వే చూసుకో."

నూకరత్నం మొహం జేవురించింది. "నా కడుపుమంట మీకు వేళాకోళంగా ఉందా?" అంటూ ఆ గుట్టని మోచేత్తో ఒక్క తోపు తోసింది. పెరుగూ పాకం నేల మీద ఏరులయ్యాయి. అడుగున నానిపోయిన రొట్టె బయటపడింది.

"మా అమ్మ పోతే రాలేదు!" అని అరిచింది. "చాలా? అడుగునున్నది అదీ! వాకిలి దాటితే నా గుమ్మం. వచ్చి నా పక్కన ఒక్క ఘడియ కూర్చోలేదు. మంగళవారం పరామర్శకి రాకూడదని కబురు పంపింది. శుక్రవారం అసలే కూడదంది. ఆ తర్వాత అమావాస్య అంది. అన్ని రోజులు గడిచిపోయాక ఇంకే మొహం పెట్టుకుని వస్తుంది..."

అంటూనే ఆగిపోయింది. కోపం పోలేదు. కళ్ళు నిప్పుల్లాగే ఉన్నాయి. కానీ ఆ మాట తన నోటి నించి వచ్చి తన చెవినే పడింది.

గవరమ్మగారు ఆమెని ఊరడించలేదు. వరహాలమ్మని వెనకేసుకునీ రాలేదు.

"రావలసింది. తప్పే," అన్నారు. అని, ఇంకో ఉండ తట్టి నూనెలో వేశారు. అది మూకుడంతా ఆక్రమించి గుమ్మడికాయలా పొంగింది. తీసి కొత్త ఆకులో పెట్టారు. నూకరత్నం చెయ్యి దానంతటదే కారప్పొడి గిన్నె మీదికి పోయింది. గవరమ్మగారు జల్లిగరిటెతో ఆ చేతి మీద ఒక్కటిచ్చారు.

"ఏమీ వెయ్యకు. ఇలాగే పట్టుకెళ్ళి వరహాలుకి ఇవ్వు. ఆ ఒక్క మాటా అడుగు. గోడ సంగతి ఆ తర్వాత."

నూకరత్నం ఆకు అందుకుని, పళ్ళు కొరుకుతూ గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగింది. "చేతిలో పెట్టమంటారా అమ్మా, మొహాన కొట్టమంటారా?"

"అక్కడికెళ్ళాక నీ చేతికే తెలుస్తుంది," అన్నారు గవరమ్మగారు. "నడు, పొంగు దిగిపోతోంది."