ఏడు సముద్రాల అవతలి కోళ్ళగూడు

అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఆయన సంగతి మనకిప్పుడు అక్కర్లేదు గానీ, ఆయన కూతురు వకుళ సంగతి చెబుతాను వినండి. వకుళ పాపం ఏడు సముద్రాల అవతల, ఒక దీవిలో కోళ్ళు కాస్తోంది.

రాజుగారమ్మాయి కోళ్ళు కాయడమేమిటని అడుగుతారు, నాకు తెలుసు. ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోయాడు. నన్ను పెళ్ళి చేసుకో అన్నాడు. చేసుకోను పొమ్మంది. అయితే ఒప్పుకునేదాకా నా కోళ్ళు కాయి అన్నాడు. ఒక్క కోడి పోయినా మీ నాన్న రాజ్యాన్ని బూడిద చేస్తానన్నాడు. అసలు తిరకాసు ఇంకోటుంది. గూటి దరిదాపుల్లో మంత్రమన్నది వినపడకూడదట, తాను కూడా అక్కడ మంత్రం చదవడట, చేతి కష్టంతోనే కాయాలట. ఎందుకని అడిగితే కళ్ళెర్రజేశాడు.

ఉన్నవి పన్నెండు కోళ్ళు. పదకొండు మంచివే. పన్నెండోది ఒక ముసలి ఎర్రపెట్ట. గుడ్డు పెట్టదు, ఒక కన్ను మెల్ల, పొద్దస్తమానం గొణుగుతూనే ఉంటుంది. కోళ్ళతో వకుళకి పేచీ లేదు. పేచీ అంతా మానుపిల్లితో. మానుపిల్లి అంటే చెట్లమీద తిరిగే అడవిపిల్లి. మూతి కోసుగా, తోక బారెడు. అది రోజూ వచ్చేది. ఒక రోజు గుడ్లు తాగిపోయేది, ఒక రోజు తడిక చింపేది, ఒక రోజు ఏ కోడినో పట్టుకుంటే వకుళ కర్ర పుచ్చుకుని పరిగెత్తి విడిపించుకునేది.

వకుళ చేయని ప్రయత్నం లేదు. గూటి చుట్టూ ముళ్ళకంప వేసింది. మానుపిల్లి పనసకొమ్మ మీంచి దిగింది. పళ్ళెం మీద గరిటెతో డబడబా వాయించింది. మానుపిల్లి కూర్చుని విన్నది. కారం చల్లింది. కోళ్ళు తుమ్మాయి, వకుళ తుమ్మింది, మానుపిల్లి గుడ్లు తాగి పోయింది. వకుళకి ఏడుపొక్కటే తక్కువ.

ఒకసారి అది ఎర్రపెట్ట తోక ఈకలు గుప్పెడు పీకేసింది. ఆ ఉదయమే మాంత్రికుడు తల వెనక జుట్టు ఊడి గుండు పడ్డ చోట చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు, గాలి మార్పు అన్నాడు. ఇంకోసారి ఎర్రపెట్ట కాలు కొరికింది. అప్పట్నించి మాంత్రికుడు కుంటుతూనే ఉన్నాడు, ముల్లు గుచ్చుకుందన్నాడు. వకుళ అవేవీ పట్టించుకోలేదు. కోడి కాలికి పసుపు రాయడానికే ఆమెకి తీరిక చాల్లేదు.

ఇలా మూడేళ్ళు గడిచాయి. ఈలోగా వకుళ తండ్రి, నా కూతుర్ని విడిపించినవాడికే ఇచ్చి పెళ్ళి చేస్తానని దండోరా వేయించాడు. అమరగిరి రాజుగారి ముగ్గురు కొడుకులూ అది విన్నారు.

ముందు పెద్దవాడు చండసేనుడు వచ్చాడు. ఏడు సముద్రాలు దాటి, కత్తి దూసి, మాంత్రికుడెక్కడ అన్నాడు.

"మాంత్రికుడి సంగతి తర్వాత. ముందు ఈ మానుపిల్లి సంగతి చూడండి రాకుమారా, నా ప్రాణం విసిగిపోయింది" అంది వకుళ.

అతను ఒక్క వేటు వేశాడు. మానుపిల్లి పక్కకి దూకింది, గూటి తలుపు రెండు ముక్కలైంది. మాంత్రికుడు వచ్చి చూసి, అతన్ని వంటింటి వెనక్కి ఈడ్చుకుపోయి, రోలుగా మార్చేశాడు.

తర్వాత రెండోవాడు రుద్రసేనుడు వచ్చాడు. అతనూ మాంత్రికుడెక్కడ అన్నాడు, వకుళ అతనికీ మానుపిల్లినే చూపించింది. అతను ఉచ్చులు పన్నాడు. తెల్లారేసరికి ఉచ్చుల్లో మూడు కోళ్ళు, ఒక రుద్రసేనుడు. మాంత్రికుడు అతన్ని రోకలిగా మార్చేశాడు. అప్పట్నించి వకుళ రోజూ కోళ్ళకి నూకలు దంచుతూ, అన్నదమ్ములిద్దరికీ క్షమాపణ చెప్పుకునేది.

ఆఖరికి చిన్నవాడు మృదుసేనుడు వచ్చాడు. వకుళ అతనికీ అదే పాట పాడింది. అతను కత్తి తీయలేదు. గూటి చుట్టూ ఒకసారి నడిచి చూశాడు, తెల్లవారే వేళకి పనసచెట్టు కింద పండొకటి చీల్చి పెట్టుకుని కూర్చున్నాడు. మానుపిల్లి దిగి వచ్చి తినసాగింది. నువ్వు ఇక్కడికే ఎందుకొస్తావని మర్యాదగా అడిగాడు.

"ఇన్నాళ్ళకి ఒక్కడు అడిగాడు" అంది మానుపిల్లి తొన మింగుతూ. "నేను పళ్ళకోసం వచ్చేదాన్ని నాయనా. రాలిన పండు ఏరే దిక్కు లేదు, కొమ్మ సరిగ్గా గూటి మీదకే వంగింది, గోడ కింద బారెడు కన్నం. ఇంత పిలుపు పిలిస్తే రాకుండా ఎలా ఉంటాను?"

మృదుసేనుడు రాలిన పళ్ళన్నీ ఏరి దూరంగా పారబోశాడు. కొమ్మ నరికేశాడు. కన్నం రాళ్ళూ మట్టితో పూడ్చాడు. పొద్దుగూకగానే కోళ్ళమీద గంపలు బోర్లించి, గంపకో రాయి బరువు పెట్టాడు. అంతే, మానుపిల్లి రావడం మానేసింది. మాంత్రికుడు ముచ్చటపడి, వీణ్ణి పనివాడుగా ఉంచుకుంటానన్నాడు. వకుళ మూడేళ్ళ తర్వాత కంటినిండా నిద్రపోయింది.

నెల గడిచింది. ఒక ఉదయం మాంత్రికుడు పాట పాడుకుంటూ గూటి దగ్గరికి వచ్చాడు. గుండు పడ్డ చోట జుట్టు ఒత్తుగా మొలిచింది. కుంటు పోయింది. చెంపలు నిగనిగలాడుతున్నాయి.

"ఇంత బలం నాకెప్పుడూ లేదు. నీ ఒప్పుదలతో పనిలేదు, ఈ పున్నమికి మన పెళ్ళి" అని చెప్పి లోపలికి పోయాడు.

వకుళ కోళ్ళని వదలడానికి వెళ్ళింది. గంప ఎత్తి చూస్తే ఎర్రపెట్ట బయటికొచ్చింది. తోక గుబురుగా మొలిచింది, కాలు చక్కబడింది. వకుళ ఆ తోకని చూసింది, మాంత్రికుడి జుట్టు గుర్తొచ్చింది. కాలు చూసింది, కుంటు గుర్తొచ్చింది. నెత్తి కొట్టుకుని నేలమీద చతికిలబడింది.

"మూడేళ్ళు" అంది. "మూడేళ్ళు వాడి ప్రాణానికి నేనే కాపలా కాశాను. పసుపు కూడా రాశాను. కాపాడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా ఇదే పని చెప్పాను."

"నేను కన్నం పూడ్చాను" అన్నాడు మృదుసేనుడు చిన్నబోయి.

వకుళకి తనమీద తనకే పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. ఎర్రపెట్టని చంకన పెట్టుకుని ఒక ఈక పీకింది. లోపల్నించి కెవ్వున కేక. మాంత్రికుడు పరిగెత్తుకొచ్చాడు. మంత్రం నోటిదాకా వచ్చింది. గూటి దగ్గర మంత్రం పలికితే కోడిలో దాచిన ప్రాణం ఎగిరిపోతుంది, అందుకని మింగేశాడు. పెద్దవాణ్ణి మనిషిని చెయ్యమంది వకుళ. వంటింటి వెనక్కి పోయి చేశాడు. రెండో ఈక పీకింది, రెండోవాణ్ణి చెయ్యమంది, చేశాడు. మూడో ఈక పీకి, ఏడు సముద్రాలు దాటించే పడవ అడిగింది. జుట్టు పట్టుకుని ఏడుస్తూ అదీ ఇచ్చాడు.

దాని మెడ విరిచెయ్యమన్నాడు చండసేనుడు. వకుళ ఒప్పుకోలేదు. దాని గొణుగుడు వినీ వినీ ఆమెకి దానిమీద కాస్త ప్రేమ పుట్టింది. కన్నంలోని రాళ్ళు మాత్రం కాలితో తన్నేసి, కోడిని పెరట్లో వదిలేసి, ఖాళీ గంప మాంత్రికుడి చేతిలో పెట్టింది.

"ఇది నీ కోడి. నువ్వే కాసుకో" అంది.

ఎర్రపెట్ట ఒక పక్కకి పరిగెత్తింది. పనసచెట్టు మీంచి మానుపిల్లి తీరిగ్గా దిగుతోంది. మాంత్రికుడు గంప పట్టుకుని పెరడంతా తిరిగి కోడిని పట్టుకునేసరికి పడవ మూడు సముద్రాలు దాటేసింది. ఆ తర్వాత అతను ఎవర్నీ ఎత్తుకుపోలేదు. పళ్ళు ఏరుకోవడానికీ, కన్నాలు పూడ్చుకోవడానికీ, గంప కాచుకోవడానికీ అతనికి తీరిక చాల్లేదు.

వకుళా మృదుసేనుడూ పెళ్ళి చేసుకుని, పిల్లాపాపలతో అరవై ఏళ్ళు రాజ్యం ఏలారు. అన్నలిద్దరూ పెళ్ళిలో రోలు పూజ జరుగుతుంటే మాత్రం అటు రాలేదు. వకుళ దగ్గరికి ఎవరైనా వచ్చి, రాణీగారూ, రాత్రీ పగలూ కాపలా కాయలేక చస్తున్నాను, ఏదైనా ఉపాయం చెప్పండని మొరపెట్టుకుంటే, ఆవిడ ఉపాయం చెప్పే ముందు ఒక్క మాట అడిగేది.

"ముందు ఇది చెప్పు. ఆ కోడి ఎవరిది?"