మనిషికి నాలుగు కంబళ్ళు

సూర్యవాడను ఏలే తిమ్మభూపాలుడికి ఒకనాడు ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది. రాజులకు అనుమానం వస్తే ఊరికే పోదు కదా!

"మన దేశం గొప్పదా, ఉత్తరాన ఉన్న మంచుకొండ దేశం గొప్పదా? ఎవరైనా వెళ్ళి చూసి రండి" అన్నాడు.

కోశాధికారి భూషణయ్య ఎగిరి గంతేశాడు. పల్లకీ ఎక్కి వెళ్ళాడు, చలికాలమంతా మంచుకొండ రాజుగారి విందులు ఆరగించాడు, బుగ్గలు పెంచుకుని సరిగ్గా రోహిణి కార్తెలో తిరిగొచ్చాడు.

"ఏం చెప్పమంటారు ప్రభూ! అక్కడ ఎంత పేదవాడికైనా మనిషికి నాలుగు కంబళ్ళు. ఇంటింటా కుంపటి. మన జనానికో? కంబళి ఎలా ఉంటుందో కూడా తెలీదు. మనంత దరిద్రులు భూమ్మీద లేరు!"

రాజుగారి ముఖం మాడిపోయింది.

"అయితే మన రాజ్యంలోనూ మనిషికి నాలుగు కంబళ్ళు ఉండి తీరాలి! లేనివాళ్ళ గొడ్డూ గోదా తోలుకొచ్చెయ్యండి" అని చాటింపు వేయించాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మన రాజుగారికి పొరుగింటి కంబళి కూడా రుచించింది. ఆయన సింహాసనం చుట్టూ తడిపిన వట్టివేళ్ళ తడికలు, అటొకరూ ఇటొకరూ వింజామరలు. బయట రోళ్ళు పగులుతున్నాయని ఆయనకెలా తెలుస్తుంది? ఇంకో సంగతి కూడా చెప్పాలి. రాజ్యం మొత్తానికి కంబళ్ళ కొట్టు ఒక్కటే. అది భూషణయ్య బావమరిదిది.

మర్నాటికల్లా కోటగుమ్మం దగ్గర ఈరమ్మ గుండెలు బాదుకుంటోంది. కోట సిపాయిలకు మజ్జిగ పోసి బతికే మనిషి ఆవిడ.

"నా బర్రెను తోలుకుపోయారయ్యో! అదొక్కటే నా ఆస్తి. ఈ ఎండల్లో కంబళి కప్పుకుని సావమంటారా నన్ను?"

ఆ దారినే వస్తున్న కోనప్ప ఆగాడు. రాజుగారిని నవ్వించడం కోనప్ప ఉద్యోగం. ఆ పూట మాత్రం ఆయనకే నవ్వు రాలేదు. కడుపు మండిపోయింది.

"ఏడవకు ఈరమ్మా. రేపు మిట్టమధ్యాహ్నం మజ్జిగకుండ పట్టుకుని కోట ముంగిట్లోకి రా."

"కుండలో ఏముందయ్యా, మట్టి తప్ప!"

"అదే కావాలి. ఎవరు అడిగినా ఉన్నమాట చెప్పు."

ఆ సాయంత్రమే కోనప్ప కొలువులో చేతులు జోడించాడు. "ప్రభూ, ఇంత గొప్ప సంగతి మోసుకొచ్చిన భూషణయ్యగారికి సన్మానం చెయ్యకపోతే మన పరువేం కాను?"

సన్మానమంటే చెవి కోసుకునే మనిషి భూషణయ్య. అప్పుడే మెడ సర్దుకున్నాడు.

"అదీ మంచుకొండ పద్ధతిలోనే జరగాలి. అయ్యా, అక్కడ ఎలా చేస్తారేమిటి?" అని కోనప్ప ఆయన వైపు తిరిగాడు.

"ఎండలో కూర్చోబెడతారు. పక్కన కుంపటి రాజేస్తారు. మెడదాకా కంబళ్ళు కప్పుతారు. ఆ వైభవమే వేరులే, నీకు చెప్పినా తెలీదు" అన్నాడు భూషణయ్య.

మర్నాడు ముంగిట్లో నడినెత్తిన సూర్యుడు. భూషణయ్య ఎత్తుపీట మీద, ఆయన పక్కన కణకణలాడే కుంపటి. రాజుగారూ సభికులూ చలువపందిట్లో. కంబళ్ళు బావమరిదే మురిసిపోతూ మోపులకొద్దీ మోయించాడు.

మొదటి కంబళి రాజుగారు స్వయంగా కప్పారు. రెండోది సేనాపతి కప్పి, ఉపన్యాసం ఇచ్చాడు. మూడోది పురోహితుడు కప్పి, ఇంకా పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. నాలుగోది కోనప్ప కప్పాడు.

"చాలు, చాలు" అన్నాడు భూషణయ్య, మీసాల మీదుగా చెమట కారుతుండగా.

"ఎలా చాలుతాయండీ? నాలుగంటే ఆ దేశంలో పేదవాడి లెక్క. మన కోశాధికారిగారు పేదవాడా? ఇంకో నాలుగు తెండి!"

సభంతా చప్పట్లు. సన్మానం వద్దనడానికి భూషణయ్యకు నోరు రాలేదు. ఇంకో నాలుగూ పడ్డాయి. మూకుట్లో గారెలా వేగిపోతున్నాడు పాపం. చివరికి ఆగలేక కేకపెట్టాడు.

"మజ్జిగ! ఎవరక్కడ, మజ్జిగ!"

ఈరమ్మ ముందుకొచ్చి కుండ బోర్లించి చూపించింది.

"బర్రెను తోలుకుపోయారు దొరా, నాకు కంబళ్ళు లేవని. ఇంక మజ్జిగెక్కడిది? కుంపటి సెగ చాలకపోతే సెప్పండి, ఇంకో పిడక యేస్తాను."

"ఇచ్చెయ్యండ్రా ఆవిడ బర్రెను! అందరి గొడ్లూ ఇచ్చెయ్యండి! ఈ కంబళ్ళు లాగిపారెయ్యండి! విసనకర్ర! ఒక్క విసనకర్ర!"

కోనప్ప పరుగున తాటాకు విసనకర్ర పట్టుకొచ్చాడు. తీరా వచ్చి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు.

"అయ్యా, మంచుకొండలో మనిషికి ఎన్ని విసనకర్రలు?"

"ఒక్కటీ లేదు! విసురు నాయనా!"

కోనప్ప దిగులుగా రాజుగారి వైపు తిరిగాడు.

"విన్నారా ప్రభూ? తాటాకు విసనకర్రకైనా నోచుకోని దేశం. వాళ్ళంత దరిద్రులు భూమ్మీద లేరు!"

రాజుగారు నవ్వడం మొదలుపెట్టారు. కిరీటం జారి ఒళ్ళో పడినా ఆపలేదు.

"చాటింపు రద్దు! సరే భూషణయ్యా, వాళ్ళను చూసి మనం నేర్చుకోవలసింది ఏమీ లేదా మరి?"

కంబళ్ళలోంచి బయటపడిన భూషణయ్య కుండెడు నీళ్ళు తాగి, నీరసంగా అన్నాడు. "ఉంది ప్రభూ. ఊరూరా ధాన్యం గాదెలున్నాయి. కరువొచ్చినా అక్కడ ఎవరూ పస్తులుండరు."

"అంత మంచిమాట ఇన్నాళ్ళూ చెప్పవేం?"

జవాబు కోనప్ప చెప్పాడు.

"గాదెలు అమ్మే బావమరిది లేడు ప్రభూ ఆయనకు!"

ఈసారి సభంతా పొట్టలు పట్టుకుంది. ఊరూరా గాదెలు కట్టించే పని, ఖర్చుతో సహా, రాజుగారు ఆ బావాబావమరుదులకే అప్పగించారు. ఈరమ్మ బర్రె తలాడిస్తూ కోటగుమ్మం దాటింది. రాజుగారు తన ముత్యాలహారం తీసి కోనప్ప మెడలో వేసి, పట్టుశాలువా కూడా కప్పబోయారు.

కోనప్ప రెండు చేతులూ అడ్డం పెట్టి వెనక్కి గెంతాడు.

"హారం చాలు ప్రభూ, హారం చాలు!"