గవిరేసు వెనక్కి తీసుకున్న సొమ్ము

"మనిషి పందెం డబ్బు కోసమే ఒంట్లో బలానికి దొంగమందు పొడిపించుకుంటున్నాడు. ఆ డబ్బుతోనే వాడి చేత మందు మానిపించగలమా, మాస్టారూ?"

సన్యాసినాయుడు మాస్టారి దగ్గర శిష్యరికం చేస్తున్న ఫణీంద్ర అడిగిన ప్రశ్న ఇది. ఊరికే అడిగింది కాదు. జీతానికి సైకిలు తొక్కే జట్లన్నిటికీ ఒక నిబంధన రాసిపెట్టమని పందేల సంఘం వారు ఆ కుర్రవాడికి అప్పగించారు. మాస్టారి జట్టులో అలాంటి ఏర్పాటు అప్పటికే ఉంది. గెలిచిన సొమ్ములో మూడో వంతు మాస్టారు తన దగ్గర ఉంచుకుంటారు. మనిషి తొక్కడం మానేసిన రోజున అదంతా చేతికిస్తారు. ఈలోగా ఎప్పుడైనా పరీక్షలో మందు బయటపడితే, అతని సొమ్ము జట్టులో మిగతావాళ్లకు పోతుంది. మధ్యలో ఎవరైనా నాది నాకిచ్చేయమంటే, ఎందుకని అడక్కుండా ఇచ్చేస్తారు.

"ఈ పద్ధతి పనిచేస్తుందని రాయమంటారా, లేదని రాయమంటారా?" అన్నాడు ఫణీంద్ర.

"రేపు పందెం అయ్యాక అడుగు," అన్నారు మాస్టారు.

ఆ మధ్యాహ్నమే గవిరేసు వచ్చాడు. జట్టులో అందరికన్నా పెద్దవాడు. ఇన్నేళ్లూ ముందు తొక్కుతూ గాలికి అడ్డం పడి, వెనకవాళ్లను గెలిపించినవాడు. జట్టును పోషించే టైర్ల కంపెనీ వాళ్లు ఈసారి అతనికి ఖండితంగా చెప్పేశారు: రేపటి ఘాట్ రోడ్డు పందెంలో మొదటి ముగ్గురిలో ఉంటే మరో రెండేళ్లు జీతం, లేకపోతే ఇంటికి. అతను లోపలికి రాలేదు. గుమ్మం మీదే నిలబడి, చెప్పు విప్పుతూ తొడుగుతూ, "నా సొమ్ము నాకిచ్చీండి మాస్టారూ. ఇంటి శ్లాబు సగంలో ఆగిపోనాది," అన్నాడు.

మాస్టారు అతని ముఖంలోకి ఒక్కసారి చూశారు. చొక్కా వేసుకుని బ్యాంకుకు తీసుకెళ్లి, పైసాతో సహా చేతిలో పెట్టారు.

"ఇంక నీది నా దగ్గరేమీ లేదు. పోయి పడుకో."

జట్టు బసకు వెళ్లినా గవిరేసు పడుకోలేదు. డబ్బున్న బ్యాగు తలకింద పెట్టుకున్నాడు, తీశాడు, మంచం కిందకు తోశాడు, మళ్లీ భుజాన తగిలించుకుని వసారాలో తిరిగాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. "ఏట్రా గవిరేసూ, బ్యాగులో గుడ్లు పొదుగుతున్నావేటి?" అని జట్టువాడొకడు నవ్వితే, ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పేవాడు ఆ పూట వాడి మీదకు చెయ్యెత్తాడు.

అప్పటికి ఫణీంద్రకు తట్టింది. శ్లాబూ లేదు, ఏమీ లేదు. రేపు పట్టుబడినా పోయేందుకు సొమ్ము మాస్టారి దగ్గర ఉండకూడదు, అంతే. పరుగెత్తుకుంటూ వెళ్లాడు.

"వాడు మందు తీసుకోబోతున్నాడు మాస్టారూ! బ్యాగు వెతికిద్దాం!"

"నీ బ్యాగు ఎప్పుడైనా వెతికానా?"

"నేను పందెం తొక్కను కదండీ."

"తొక్కేవాళ్ల బ్యాగులూ వెతకలేదు. కూర్చో."

కూర్చుంటే ఒట్టు. గురువు స్థిమితంగా పానాతో సీటు బిగిస్తుంటే, శిష్యుడు లోపలికీ బయటికీ నడుస్తూనే ఉన్నాడు. గవిరేసు గెలిచి పట్టుబడితే జట్టు పేరు పోతుంది. గెలిచి పట్టుబడకపోతే? అది ఇంకా భయంగా తోచింది. తాను రాయబోయే నిబంధనకు అర్థమేముంది మరి?

తెల్లవారింది. ఘాట్ రోడ్డు మొదట్లో సైకిళ్లన్నీ వరస కడుతున్నాయి. గవిరేసు ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, బ్యాగును మాస్టారి కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండి."

"ఒకసారి ఇచ్చేసింది మళ్లీ పుచ్చుకోను."

"పుచ్చుకోపోతే ఎలాగ మాస్టారూ? ఇది మీ దగ్గర లేకపోతే నన్నెవరు ఆపుతారు?"

మాస్టారు వంగి, అతని ముందు చక్రంలో గాలి నొక్కి చూశారు. నిర్వాహకుడు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. గవిరేసు కాసేపు అటూ ఇటూ చూశాడు. తరవాత బ్యాగు తీసి జట్టు వ్యానులో పడేసి, ఫణీంద్రను దాని చాటుకు లాక్కెళ్లి, తడిగుడ్డలో చుట్టిన చిన్న సీసా అతని అరచేతిలో కుక్కాడు.

"పరీక్షలో దొరకదనే అమ్మాడు బాబూ, అమ్మినోడు. నా చేతుల్తో పారెయ్యలేకపోతన్నాను. నువ్వు పారెయ్."

పందెం మొదలైంది. మొదటి మలుపులన్నిటా గవిరేసే ముందున్నాడు. కొండ సగం ఎక్కేసరికి ఒకడు దాటాడు, తరవాత ఇద్దరు, తరవాత గుంపుగా. పైకి చేరేటప్పటికి అతనిది తొమ్మిదో స్థానం. సైకిలు గట్టుకు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని, నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నాడు. కంపెనీ మనిషి ఆ పక్కగానే పోతూ తల తిప్పుకున్నాడు. "శ్లాబు నిజంగానే వేయించాలిప్పుడు," అని గవిరేసు నవ్వబోయి, నవ్వలేక, ముఖం తువ్వాలులో దాచుకున్నాడు.

వెనకే వ్యానులో పైకొచ్చిన ఫణీంద్ర మాస్టారి పక్కకు చేరాడు. సీసా పారేసి చాలాసేపైనా చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పందెం అయిపోయింది మాస్టారూ. డబ్బు వాడి చేతిలోనే ఉంది, పోతుందన్న భయం లేదు. అయినా మానేశాడు. అంటే మన పద్ధతి పనికిరానిదేనా? కొట్టేయనా?"

"పద్ధతి లేకపోతే నిన్న మధ్యాహ్నం వాడు నా గుమ్మం తొక్కేవాడా?"

"తొక్కేవాడు కాదు. ఎవరికీ చెప్పకుండా పొడిపించుకునేవాడు."

"మరి రాయి. గుమ్మం దాకా డబ్బు తీసుకొస్తుందని రాయి." మాస్టారు గవిరేసు సైకిలు భుజానికెత్తుకుని కదిలారు. "అక్కణ్ణుంచి మందు లేకుండా వాణ్ణి కొండ మీదికి తెచ్చిందేమిటో, దానికి మాత్రం కొంచెం చోటు వదిలిపెట్టు."