ఒకే ధర, నాలుగు గానుగలు

పెదకోన నేలే ముమ్మడిరాజుకి గారెలంటే ప్రాణం. సగం రాజ్యం అడిగితే ఆలోచిస్తాడేమో గానీ, పళ్ళెంలో గారె జోలికొస్తే ఊరుకోడు. అలాంటి రాజుగారికి ఒకనాడు మధ్యాహ్నం ఆవిరి మీద ఉడికించిన గారెలు వడ్డించారు.

"ఇవేమిటి?" అన్నాడు రాజు.

"గారెలే ప్రభూ," అన్నాడు వంటవాడు. "మొన్నటిదాకా సోల నూనె రూక. ఇప్పుడు మూడు రూకలు. మీరిచ్చే సొమ్ము తిరగమోతలకే చాలడం లేదు."

రాజు చెయ్యి కడుక్కుని, ఆకలితోనే కొలువుకి వచ్చాడు. అంగళ్ల అధికారి ప్రోలయ్యను పిలిపించాడు. ఊళ్ళో కొలతలూ తూకాలూ ధరలూ చూసే పెద్దమనిషి ఆయన. ఊరికి ఏ మంచి జరిగినా తన చలవే అంటాడు. చెడు జరిగితే దైవనిర్ణయం అంటాడు.

"ఈ ఏడు నువ్వులు విరగపండాయి కదా. నూనె ఎందుకు పెరిగింది?"

"దైవనిర్ణయం ప్రభూ! ఊళ్ళో నాలుగు గానుగలు, నలుగురు యజమానులు. నలుగురూ ఒకే ధర చెబుతున్నారంటే అది సత్యమైన ధర కాబట్టే కదా? అబద్ధమైతే తలా ఒకటి చెప్పేవారు."

కొలువులో సగంమంది తలలూపారు. రాజు కూడా ఊపబోయి, కడుపు కాలుతున్న సంగతి గుర్తొచ్చి ఆగాడు. చమత్కారిగా పేరున్న తిప్పన్న వైపు తిరిగాడు.

"నువ్వేమంటావు తిప్పన్నా?"

"నాకు మనుషుల పనే అనిపిస్తోంది ప్రభూ."

"అయితే రుజువు చెయ్యి. కిందటేడు ఉప్పుకి ధర కట్టి శాసనం వేయిస్తే మర్నాటికి ఊళ్ళో ఉప్పురాయి కనపడలేదు. అందుకని శాసనం వద్దు, కొరడా వద్దు, భటులు వద్దు. రేపు కొలువులో గానుగలవాళ్లు తమ నోటితో తామే చెప్పాలి. లేదా, నీ ఆసనం ప్రోలయ్య అల్లుడిది."

ప్రోలయ్య అల్లుడు అప్పుడే ఆ ఆసనాన్ని కళ్లతో కొలుచుకున్నాడు. ఆ కొలువు మీద వచ్చే బియ్యమే తిప్పన్న ఇంటిల్లిపాదికీ ఆధారం.

సాయంత్రం గిన్నె పట్టుకుని గానుగల వీధికి వెళ్లాడు. మొదటిది నూకయ్య గానుగ.

"కాస్త తగ్గించవయ్యా."

"ధర అదేనండి. నమ్మకం లేకపోతే పక్కన సూరప్పని అడగండి. మంచి నూనె, మంచి మనిషి."

సూరప్ప ఇంకా మర్యాదస్థుడు. "నా దగ్గరా అంతేనండి. కావాలంటే నూకయ్య దగ్గరే పుచ్చుకోండి, నాకేం బాధ లేదు."

మిగతా ఇద్దరూ అదే పాట పాడారు. ఈ నూకయ్యా సూరప్పా ఒకప్పుడు కోడి గోడ దాటొచ్చిందని తలలు పగలగొట్టుకున్నవాళ్లే. ఇప్పుడు కొనేవాణ్ణి ఒకరి కొట్టుకి ఒకరు సాగనంపుతున్నారు. వర్తకుడు పొరుగు కొట్టును పొగిడాడంటే తెర వెనక గల్లాపెట్టె ఒకటేనన్నమాట, అనుకున్నాడు తిప్పన్న. అనుకుంటే సరిపోతుందా, సాక్ష్యమేదీ? భయపెడితే నలుగురూ ఇంకా గట్టిగా ఒక్కటవుతారు. మరి పొగిడితే?

మర్నాడు తిప్పన్న రాజు చెవిలో ఒక మాట వేసి, గానుగలవాళ్లు నలుగురినీ పిలిపించి, కొలువులో లేచి నిలబడ్డాడు.

"అయ్యలారా! మీ ఒకే ధర పద్ధతి ప్రభువులకి తెగ నచ్చింది. ఇల్లాళ్లకి ఎండలో నాలుగు కొట్లు తిరిగే శ్రమ తప్పింది. బేరమాడి గొంతు నొప్పి తెచ్చుకోవడం తప్పింది. ఇంత చక్కని ఆలోచన మొదట చేసిన మహానుభావుడికి 'ఏకధర బ్రహ్మ' అని బిరుదు, కాలికి బంగారు గండపెండేరం, పల్లకీలో ఊరేగింపు!"

పెండేరం వెండి పళ్ళెంలో వచ్చింది. నలుగురూ దానివంక చూశారు. తరవాత నేలవంక చూశారు.

తిప్పన్న నిట్టూర్చాడు. "ప్రోలయ్యగారు అన్నట్టు దైవనిర్ణయమే కాబోలు. సరే, పెండేరం గుళ్ళో స్వామికి ఇచ్చేద్దాం. ఆయనకి ఇప్పటికే చాలా ఉన్నాయనుకోండి."

పళ్ళెం గుమ్మం దాకా వెళ్లింది.

"ఆగండి!" అన్నాడు నూకయ్య. "దేవుడెక్కడ చేశాడండీ? మూడు రూకలని మొదట అన్నది నేను!"

"నువ్వు రెండన్నావు," అన్నాడు సూరప్ప. "మూడు వేళ్లు నొక్కింది నేను. నీ వేళ్లే నొక్కాను, మరిచిపోయావా?"

పశువుల సంతలో బేరగాళ్లు నోరు మెదపరు. చేతుల మీద కండువా కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కి ధర చెప్పుకుంటారు, చూసేవాళ్లకి తెలియకుండా. ఆ విద్యే వీళ్లు నూనెకి వాడారు. ఆ కథంతా ఎవరూ అడగకుండానే బయటపడింది. మూడోవాడు ఆ వేళ్లన్నిటికన్నా తన బొటనవేలు ముందన్నాడు. నాలుగోవాడు నొక్కిన గుర్తు చూపిస్తానని చెయ్యి చాపాడు.

ప్రోలయ్య ఇంతసేపూ పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. నిన్నటిదాకా చెడ్డదైన పని ఇవాళ మంచిదైపోయింది. బంగారం కళ్లెదుట మెరుస్తోంది. గానుగలవాళ్లు దానికోసం కొట్టుకుంటున్నారు. ఎంతకని ఓర్చుకుంటాడు పాపం?

"నోళ్లు ముయ్యండి!" అని లేచాడు. "మీ మొహాలకి అంత తెలివి కూడానా? మిమ్మల్ని ఇంటికి పిలిచి ఒక్కచోట కూర్చోబెట్టిందెవరు? అసలు ఆ కండువా ఎవరిది? నాది!"

అల్లుడు మెల్లగా తలుపు వైపు జరిగాడు.

రాజు మీసం దువ్వుకున్నాడు. "మేము మాట తప్పం. ప్రోలయ్యా, బిరుదు నీదే. అధికారం మాత్రం ఇవాళ్టితో సరి. పల్లకీ ఎక్కు. అది ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. నూనె ధర మూడింతలు చేసింది నువ్వేనని భట్రాజులు ఇల్లాళ్లని పిలిచి మరీ చెబుతారు."

ఇల్లాళ్ల చేతికందే వస్తువులన్నీ ప్రోలయ్యకి వరసగా గుర్తొచ్చాయి.

"ప్రభూ," అన్నాడు నీరసంగా, "పల్లకీకి తెరలుంటాయా?"

జవాబు తిప్పన్న చెప్పాడు.

"తెరలెందుకండీ? నలుగురి చేతులు దాచిన కండువా, మీ ఒక్కరి మొహం దాచలేదా?"

కొలువు గొల్లుమంది. రాజు కడుపు పట్టుకుని నవ్వి, గండపెండేరాన్ని తన చేత్తోనే తిప్పన్న కాలికి తొడిగాడు. ఆ నవ్వులు ఆగకముందే ద్వారం దగ్గర నూకయ్య, సూరప్ప తగువు మొదలెట్టారు.

"రేపణ్ణుంచి నా దగ్గర సోల రూకకే!"

"నా దగ్గర రూకకి సోలా, పైన గరిటెడు కొసరూ!"