అంకాలమ్మ ఉలవచారు

కొండ దిగువన వాగు మలుపు తిరిగే చోట ఒక చదునైన బండ ఉంది. మధ్యాహ్నం ఎండ కాస్త వాలగానే అడవిలో వంట మీద మనసున్నవాళ్లంతా ఆ బండ మీదికి చేరేవాళ్లు. ఎవరింట్లో ఏం కుదిరింది, ఎవరింట్లో ఏం మాడింది, చింతచిగురులో పప్పు ముందు వెయ్యాలా తర్వాత వెయ్యాలా, ఇవే మాటలు. ఒకరు చెప్పింది ఇంకొకరు వండుకుని, మర్నాడు ఒక దొప్పలో తెచ్చి రుచి చూపించేవాళ్లు.

వాళ్లలో పెద్దది అంకాలమ్మ అనే గేదె. నల్లగా, నిండుగా, నడకలో తొందర లేకుండా ఉండేది. ఆమె కాచే ఉలవచారంటే కొండకు అటువైపు వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఎలా కాయాలో అడిగినవాళ్లకు చెప్పేది. అడగనివాళ్లను ఆపి మరీ చెప్పేది.

జంబయ్య అనే నక్క కూడా రోజూ ఆ బండ మీదికి వచ్చేవాడు. అతని వంట నిజంగానే బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. అడిగితే కాదనేవాడూ కాదు. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "నువ్వు గనక చెబుతున్నా, ఇంకెవరికీ చెప్పకు" అని మొదలుపెట్టేవాడు. విన్నవాళ్లకు ఏదో నిధి దొరికినట్టుండేది.

ఒకరోజు మంగాయి అనే కుందేలు బండ మీదికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా చివర్న కూర్చుంది. అంకాలమ్మ మెల్లగా వెళ్లి పక్కన చేరింది.

"బారసాల బాగా జరిగిందా మంగాయి? పిల్లకు ఏం పేరు పెట్టారు?"

"పేరు పెట్టాం అత్తా. నాకే కొత్త పేరొచ్చింది, బూరెలు పేల్చిన మంగాయి అని."

"అదేంటి?"

"జంబయ్యన్న చెప్పినట్టే చేశాను. శనగపప్పు ఉడకబెట్టాను, బెల్లం కలిపాను, ఉండలు చేసి పిండిలో ముంచి నూనెలో వేశాను. వేసింది వేసినట్టే పగిలిపోయింది. నూనె నల్లబడిపోయింది. మా అత్తగారివైపు వాళ్లంతా పొయ్యి చుట్టూ నిలబడి చూశారు." మంగాయి చెవులు రెండూ కిందికి వాలిపోయాయి. "వెళ్లి అడిగితే, నువ్వేం చేస్తావులే చెల్లెమ్మా, చెయ్యి కుదరాలి, అది చెబితే వచ్చేది కాదు అన్నాడు."

"బెల్లం కలిపాక పూర్ణాన్ని పొయ్యి మీద దగ్గరపడనిచ్చావా? చల్లారాక ఉండలు చేశావా?"

"ఆ సంగతి అన్న చెప్పలేదే."

అవతల కూర్చున్న ఎలుగుబంటి కోటయ్య ఇటు తిరిగాడు. ఒళ్లు భారీగా ఉన్నా మాట మెత్తన. "అక్కా, నాదీ అదే కథ. గోంగూర పచ్చడి ఎలా పెట్టాలో జంబయ్య బావే చెప్పాడు. ఆకు కడగమన్నాడు, నూనెలో వేయించమన్నాడు, ఎండుమిరపకాయలతో కలిపి రోట్లో నూరమన్నాడు. జాడీ నిండా పెట్టాను. వారం తిరక్కుండానే బూజు పట్టింది. నా చేతిలోనే ఏదో దోషం ఉందనుకుని ఊరుకున్నాను."

"కడిగిన ఆకును గుడ్డ మీద ఆరబెట్టావా తమ్ముడూ?"

కోటయ్య తల అడ్డంగా ఊపాడు.

అంకాలమ్మ నెమరు వెయ్యడం ఆపింది. ఒకరికి చెప్పడం మర్చిపోతే మరుపు అనుకోవచ్చు. ఇద్దరికీ సరిగ్గా ఆ వంట నిలబడే ఒక్క మాటే ఎందుకు రాలిపోయిందో ఆమెకు అర్థం కాలేదు. మర్నాడు పొద్దున వాగుకు వెళ్తూ కావాలనే జంబయ్య బొరియ ముందు నుంచి నడిచింది. నీడపట్టున పాత గుడ్డ పరిచి ఉంది. దాని మీద గోంగూర, ఒక ఆకు మీద ఇంకో ఆకు పడకుండా శ్రద్ధగా ఆరబెట్టి ఉంది.

"పచ్చడి పెడుతున్నావా జంబయ్యా?"

"అబ్బే, పచ్చడేం లేదక్కా. వాడిపోయిన ఆకు, పారేద్దామని అక్కడ పడేశా" అన్నాడు జంబయ్య, గుడ్డకు అడ్డంగా నిలబడుతూ.

అంకాలమ్మ సరే అని ముందుకు నడిచింది. ఆమెకు కోపం వచ్చింది, కానీ గోంగూర గురించి కాదు. తప్పు తన చేతిదేనని నమ్మి మంగాయి చెవులు వాల్చుకుని కూర్చోవడం గుర్తొచ్చి వచ్చింది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వేసవి ముదరకముందే వాగు సన్నబడింది, గడ్డి మాడిపోయింది. అప్పుడు కొండ మీది ఏనుగుల గుంపు పెద్ద, వీరమల్లయ్య, అందర్నీ బండ దగ్గరికి పిలిపించాడు.

"పల్లపు ప్రాంతం నుంచి మావాళ్లు ఉలవలు మోసుకొచ్చి ఈ పక్క గుహలో పోస్తున్నారు. వానలు పడేదాకా ఇక్కడ గంజి కేంద్రం పెడదాం. పెద్దాచిన్నా అందరికీ గంజి, ఉలవచారు పోద్దాం. దానికి వంట చూసుకునేవాళ్లు కావాలి. ఎల్లుండి పొద్దున అందరూ ఇక్కడే పొయ్యిలు పెట్టి ఉలవచారు కాయండి. రుచి చూసి, ఎవరి చేతిలో పెట్టాలో అప్పుడు చెబుతాను."

గుహ ఎవరి చేతిలో ఉంటే అడవి ఆకలి వాళ్ల చేతిలో ఉంటుందని అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు. జంబయ్య కళ్లు గుహ వైపు తిరిగి అక్కడే ఆగిపోవడం అంకాలమ్మ చూసింది. బూరెల దగ్గరే ఒక మాట దాచుకున్నవాడు గింజల దగ్గర ఎన్ని దాచుకుంటాడో అనిపించింది.

గుంపు పలచబడ్డాక మంగాయి, కోటయ్య ఆమె దగ్గరికి వచ్చారు.

"జంబయ్యన్న ఇప్పటిదాకా ఉలవచారు కాయలేదత్తా. నిన్నే అడుగుతాడు చూడు" అంది మంగాయి. "నువ్వూ ఒక మాట మింగెయ్. ఉప్పు రెండింతలు వెయ్యమను. దెబ్బకు తిక్క కుదురుతుంది."

"వంట తప్పు చెప్పడం నాకు రాదే" అంది అంకాలమ్మ. "ఉన్నది ఉన్నట్టే చెబుతాను."

"చెబితే వాడే గెలుస్తాడు కదక్కా" అన్నాడు కోటయ్య.

"నమ్మి వండితే గెలవనీ తమ్ముడూ. అంతమందికి మంచి చారు పోసేవాడైతే నాకేం బాధ? కానీ వాడు నమ్మడు. తను చెప్పే ప్రతి మాటలో ఒకటి దాచేవాడు, ఎదుటివాళ్లు ఏం దాచారా అనే వెతుకుతాడు. మీరిద్దరూ మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి."

"మేమెందుకత్తా? కాచేది నువ్వు కదా."

"ఏం, మీ పొయ్యిలు వెలగవా?" అంది అంకాలమ్మ. "నా చారు మీకు వచ్చినంత మాత్రాన నాకు రాకుండా పోదు."

అనుకున్నట్టే ఆ సాయంత్రం బండ మీద జంబయ్య ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. మంగాయి, కోటయ్య కూడా అక్కడే ఉన్నారు.

"అక్కా, నీ ఉలవచారు ఎలా కాస్తావో ఒకసారి చెబుదూ."

"దానికేం, విను. ఉలవలు కడిగి రాత్రంతా నానబెట్టు. నానిన నీళ్లు పారబొయ్యకు, వాటిలోనే ఇంకొన్ని నీళ్లు పోసి ఉడికించు. మంట సన్నగా ఉండాలి. గింజ వేళ్ల మధ్య నలిగిపోయేదాకా కూర్చో. ఆ నీళ్లు వంచి, కొన్ని గింజలు మెత్తగా నూరి అందులో కలుపు. చింతపండు రసం అప్పుడు పొయ్యాలి, అంతకు ముందు కాదు. పులుపు ముందే తగిలితే ఉలవ ఎంతసేపు కాగినా ఉడకదు. ఉప్పు, కారం, చిన్న బెల్లం ముక్క వేసి చిక్కబడనిచ్చి తాలింపు పెట్టు. మీగడ మాత్రం పొయ్యి మీంచి దించాక, తినేముందు వేసుకోవాలి. మంట మీద వేస్తే విరుగుతుంది."

జంబయ్య నవ్వాడు. "ఇది అందరికీ చెప్పేదే కదక్కా. అసలుది చెప్పు."

"ఇదే అసలుది."

"నేనేమీ పరాయివాణ్ని కాదుగా."

"కాదు కాబట్టే మొత్తం చెప్పాను. కావాలంటే ఇంకోసారి చెబుతాను." చెప్పింది కూడా, మాట పొల్లుపోకుండా.

జంబయ్య ఆమె ముఖం వైపే చూస్తూ విన్నాడు. చింతపండు దగ్గర ఆమె గొంతు గట్టిగా పలికింది. సన్నమంట అన్నప్పుడు కళ్లలోకి చూసింది. అంతగా నొక్కి చెబుతోందంటే అక్కడే ఏదో ఉందని అతనికి నమ్మకం కుదిరింది. తనైతే ఏం చేస్తాడు? ముఖ్యమైనదాన్ని దాచేస్తాడు, లేదా తలకిందులు చేస్తాడు. ఈవిడ ఏదీ దాచినట్టు లేదు, కాబట్టి తలకిందులు చేసి ఉంటుంది. అలా అనుకుని, దండం పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

అనుకున్న రోజు పొద్దున్నే బండ చుట్టూ పొయ్యిలు వెలిశాయి. అంకాలమ్మ పొయ్యికి ఒక పక్క మంగాయిది, ఇంకో పక్క కోటయ్యది. ముగ్గురూ సన్నటి పుల్లలు ఎగదోసుకుంటూ తీరిగ్గా కూర్చున్నారు. ఎదురుగా జంబయ్య పెద్ద మొద్దులు పేర్చాడు. మంట కుండ మెడ దాకా లేచింది. నానబెట్టిన నీళ్లు రాళ్ల మీద పారబోశాడు. ఉలవలు కుండలో పడ్డాయో లేదో, చింతపండు ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

అంకాలమ్మకు ప్రాణం ఊరుకోలేదు. ఎవరి కుండలోవైనా అవి గింజలే. ఈ కరువులో అంత దూరం నుంచి మోసుకొచ్చినవి.

"జంబయ్యా, ఇప్పుడే వద్దు. గింజ ఉడకనీ" అని అందరూ వినేలా చెప్పింది.

జంబయ్య ఆగాడు. ఆమె వైపు చూసి, చిరునవ్వు నవ్వి, చింతపండంతా కుండలోకి జారవిడిచాడు. ఆవిడ అంత ఆత్రంగా ఆపబోయిందంటే తను ఊహించిందే నిజమని అతని ఆనందం. చెప్పాల్సింది చెప్పాననుకుని అంకాలమ్మ తన పొయ్యి వైపు తిరిగింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముగ్గురి కుండల నుంచి తాలింపు వాసన లేచింది. ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకు కలిసిన ఆ వాసనకు చుట్టూ చేరిన పిల్లజంతువులు మెడలు సాచాయి. జంబయ్య కుండ నుంచి మాత్రం ఘాటుగా మాడు వాసన వచ్చింది. చిక్కబడకపోయేసరికి అతను మీగడంతా ఆ మరుగుతున్న దాంట్లోనే కుమ్మరించాడు.

వీరమల్లయ్య మొదట మంగాయి చారు తాగాడు. తల ఊపాడు. కోటయ్యది తాగాడు, మళ్లీ ఊపాడు. అంకాలమ్మది తాగి, తొండంతో గిన్నె అడుగు కూడా తుడిచాడు. తర్వాత జంబయ్య గిన్నె అందుకున్నాడు. పైన మీగడ విరిగి తెల్లటి పలుకులుగా తేలుతోంది. ఒక్క గుక్క తాగేసరికి పళ్ల కింద ఉలవ గింజ రాయిలా పటుక్కుమంది. ఏనుగు దాన్ని అరచేతిలాంటి ఆకులో ఉమ్మి, జంబయ్య ముందు పెట్టాడు.

"ఏంటిది?"

జంబయ్య తడబడలేదు. ముఖం దిగాలుగా పెట్టాడు. "నా తప్పేం లేదు పెద్దయ్యా. అంకాలక్క నాకు తప్పు చెప్పింది. నేను గెలుస్తానని భయపడి మోసం చేసింది."

గుంపులో గుసగుసలు బయల్దేరాయి.

"ఏం చెప్పింది?" అన్నాడు వీరమల్లయ్య.

"చింతపండు..."

"ఊఁ, చింతపండు?"

జంబయ్య కళ్లు మంగాయి మీద, కోటయ్య మీద పడ్డాయి. ఇద్దరూ అక్కడే కూర్చుని విన్నవాళ్లే. ఇంకో మాట అనడానికి దారి లేదు. "గింజ ఉడికాక పొయ్యమంది."

"నువ్వెప్పుడు వేశావు?"

"మొదట్లోనే."

"మంట ఎలా పెట్టమంది?"

"సన్నగా."

"మీగడ?"

"దించాక వెయ్యమంది."

"ఆవిడ చెప్పిందొకటి, నువ్వు చేసిందొకటి. ఇందులో ఆవిడ మోసం ఎక్కడుంది? చెప్పినట్టు ఎందుకు చెయ్యలేదు?"

ఆ జవాబు మంగాయి చెప్పింది. లేచి నిలబడి, చెవులు నిక్కించి చెప్పింది.

"ఆయన మాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు పెద్దయ్యా. పూర్ణం చల్లారాలని చెప్పకపోతే నా బూరెలు పేలాయి. ఆకు ఆరబెట్టాలని చెప్పకపోతే కోటయ్య బాబాయి పచ్చడి బూజు పట్టింది. అందుకని అత్త కూడా అలాగే చేస్తుందనుకున్నాడు."

వీరమల్లయ్య గుహ వైపు తొండం చాచాడు. "అంకాలమ్మా, గంజి కేంద్రం నీది."

"మా ముగ్గురిదీ అనండి" అంది అంకాలమ్మ. "నేను అలిసిపోయిన రోజున కూడా చారు ఇలాగే ఉండాలి కదా."

వానలు పడేదాకా ఆ బండ దగ్గర రోజూ పొయ్యిలు వెలిగాయి. జంబయ్య కూడా గిన్నె పట్టుకుని వరసలో నిలబడేవాడు. మంగాయి అందరికీ పోసినట్టే అతనికీ గరిటె నిండా పోసేది, మీగడ కూడా వేసేది. అతను దూరంగా వెళ్లి తాగేవాడు. చారు అద్భుతంగా ఉండేది. సాయంత్రం బండ మీద వంట కబుర్లు మాత్రం మామూలుగానే సాగేవి. జంబయ్య గొంతు తగ్గించి, "నువ్వు గనక చెబుతున్నా" అని మొదలుపెడితే, వినడానికి ఎవరూ దగ్గరికి జరిగేవాళ్లు కాదు.

నీతి: తన మాటలో దాపరికం ఉంచుకునేవాడికి ఎదుటివాళ్ల నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.